పెళ్లిళ్ల డేటాకు చవకలో గట్టి గూడు: మూడు ఊళ్ల స్టూడియోలకు బహిరంగ లేఖ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇంట్లోనే ఎడిటింగ్ కంప్యూటర్ పెట్టుకుని పెళ్లిళ్లు చేస్తున్న ఫోటో, వీడియోగ్రాఫర్లకు,

ఒక్క పెళ్లికి ఎంత డేటా పుడుతుందో లెక్క తేలితేనే ఏ డిస్కు, ఎన్ని డిస్కులు అన్నది తేలుతుంది. 4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డయితే గంటకు 45 జీబీ. ఎదుర్కోళ్ల నుంచి అప్పగింతల దాకా రెండు కెమెరాలు చెరో ఐదు గంటలు నడిస్తే 450 జీబీ. క్యాండిడ్ కెమెరాలో రా ఫైలు ఒక్కోటి 30 ఎంబీ అనుకున్నా రెండు వేల ఫోటోలకు మరో 60 జీబీ. డ్రోన్ ముక్కలు కూడా కలిస్తే ఒక్క పెళ్లి అర టీబీ దాటుతుంది. మాఘమాసంలో ఎనిమిది పెళ్లిళ్లు ఒప్పుకున్న స్టూడియోకు ఆ నెలలోనే 4 టీబీ డిస్కు ఒకటి నిండిపోతుంది. 4 టీబీ అని కొన్నది విండోస్‌లో 3.63గా కనబడితే షాపువాడు మోసం చేశాడని కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది.

మినీ డీవీ క్యాసెట్ల కాలంలో ఈ బెడద లేదు. షూట్ చేసిన క్యాసెట్టే అసలు ప్రతి. మిక్సింగ్ మధ్యలో కంప్యూటర్ చచ్చినా బీరువాలోంచి క్యాసెట్ తీసి మళ్లీ ఎక్కించుకునేవారు. మెమరీ కార్డుతో ఆ ధీమా పోయింది. రేపటి ముహూర్తానికి కార్డు ఖాళీ కావాలి కాబట్టి ఇవాళ్టి పెళ్లి రాత్రికి రాత్రే డిస్కులోకి వెళ్తుంది, కార్డు ఫార్మాట్ అవుతుంది. అప్పటి నుంచి ఆ పెళ్లి ఉన్నది ఆ ఒక్క డిస్కులోనే. ఆల్బమ్ మళ్లీ ప్రింట్ వేయించవచ్చు, పాటలు మార్చి మిక్సింగ్ మళ్లీ చేయవచ్చు. తలంబ్రాలు మాత్రం మళ్లీ పోయించలేరు.

ఇంటి స్టూడియోలో సాధారణంగా కనిపించే ఏర్పాటు ఒకటుంది. మానిటర్ పక్కన నాలుగైదు పోర్టబుల్ హార్డ్ డిస్కులు. ఒక్కోదాని మీద తెల్ల టేపు, దాని మీద మార్కర్‌తో ‘మాఘం 23’, ‘శ్రావణం 24’ అన్న రాతలు. అన్నిటి తీగలూ ఒకే యూఎస్‌బీ హబ్‌లో. ఎవరి కాలో తగిలి తీగ లాగితే ఒక డిస్కు బల్ల అంచున వేలాడుతుంది. జేబులో పట్టే ఈ రెండున్నర అంగుళాల డిస్కు ప్రయాణానికి పుట్టింది, కాపురానికి కాదు. కరెంటంతా యూఎస్‌బీ తీగ నుంచే తీసుకుంటుంది. చవకరకం హబ్‌లో మూడు డిస్కులు గుచ్చితే కాపీ మధ్యలో ఒకటి ‘టక్’మని ఆగిపోవడం అందుకే. ఇంకో చిక్కు లోపల దాగి ఉంది. చాలా పోర్టబుల్ డిస్కుల్లో యూఎస్‌బీ పోర్టు డిస్కు బోర్డు మీదే అతికి ఉంటుంది. పోర్టు వదులైతే పెట్టె విప్పి సాటా తీగ తగిలించే దారి ఉండదు. నేరుగా డేటా రికవరీ వాళ్ల దగ్గరికే, వాళ్లు చెప్పిన రేటుకే.

అందుకని ఇంటి ఏర్పాటుకు సరైనది మూడున్నర అంగుళాల డిస్కు. టీబీ లెక్కన చవక, వేగం ఎక్కువ, మామూలు సాటా తీగతో ఏ డెస్క్‌టాప్‌కైనా తగులుతుంది. నాలుగు డిస్కుల ధరలు పోల్చేటప్పుడు మొత్తం ధర కాదు, టీబీకి ఎంత పడిందో చూసుకోవాలి. చిన్న డిస్కు చవకగా కనిపిస్తుంది గానీ టీబీకి లెక్కేస్తే చాలాసార్లు అదే ఖరీదు. పైగా డిస్కులు పెట్టే పెట్టెలో ఒక గదిని ఆక్రమిస్తుంది.

డిస్కు కొనేటప్పుడు అట్టపెట్టె మీద కనిపించని తేడా ఒకటుంది. డేటా రాసే గీతలు పక్కపక్కనే విడివిడిగా ఉండే పద్ధతిని సీఎంఆర్ అంటారు. స్థలం కలిసిరావడం కోసం ఒక గీత అంచు మీదికి ఇంకో గీత ఎక్కేలా రాసేది ఎస్‌ఎంఆర్. పెంకుటిల్లు ఎక్కి పెంకులు మార్చినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదికి ఎక్కిన పెంకులన్నీ కదిలించాలి. ఎస్‌ఎంఆర్ డిస్కులో పాత ఫైలు తీసి కొత్తది రాస్తే జరిగేది అదే. మొదట్లో జోరుగా వెళ్లిన కాపీ కాసేపటికి నడకలోకి దిగుతుంది. ఒకసారి నింపి బీరువాలో దాచే ప్రతికి ఎస్‌ఎంఆర్ ఫర్వాలేదు. రోజూ ఎడిటింగ్ జరిగే డిస్కుకూ, అనేక డిస్కులను జోడించి నడిపే పెట్టెకూ సీఎంఆర్ కావాలి. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ వరుసలోని కొన్ని డిస్కులు ఎస్‌ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాతే కంపెనీ సీఎంఆర్ వాటిని రెడ్ ప్లస్ అన్న పేరుతో వేరు చేసింది. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ సీఎంఆర్. డెస్క్‌టాప్‌కు అమ్మే బారాకుడాలో చాలా మోడళ్లు ఎస్‌ఎంఆర్. మోడల్ నంబరు రాసుకుని కంపెనీ సైటులో చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది.

చిన్న ఊళ్లలో సులువుగా దొరికేది వేరే రకం. సీసీ కెమెరాలు బిగించే షాపులు అడుగడుగునా ఉన్నాయి కాబట్టి డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ డిస్కులు ఎప్పుడూ స్టాకులో ఉంటాయి. ఇవి రాత్రింబగళ్లు ఆగకుండా రాయడానికి తయారైనవి. కంప్యూటర్‌లో పెడితే మామూలు డిస్కులాగే పనిచేస్తాయి. చిన్న ఫైళ్ల వెతుకులాటలో కొంచెం మందకొడిగా ఉంటే ఉండొచ్చు గానీ పొడవాటి వీడియో ఫైళ్లు దాచడానికి బాగానే సరిపోతాయి. వారంటీ మూడేళ్లు. హైదరాబాద్ దాకా పోయి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో బేరమాడే తీరిక లేనివారికి ఇది చిన్నచూపు చూడాల్సిన దారేమీ కాదు. కోదాడ వారికైతే హైదరాబాద్ కన్నా విజయవాడే దగ్గర.

ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు తీసుకోవాలి. సీరియల్ నంబరు కంపెనీ సైటులో కొట్టి, వారంటీ మన దేశానికి వర్తిస్తుందో లేదో షాపులో నిలబడే చూసుకోవాలి. కొత్తదని అమ్మే పాత డిస్కుల బెడద ప్రపంచమంతా ఉంది. 2025 మొదట్లో, వేల గంటలు నడిచిన సీగేట్ డిస్కుల లోపలి లెక్క చెరిపి కొత్తవిగా అమ్ముతున్న సంగతి జర్మనీలో బయటపడింది. సీసీ కెమెరాల్లో అరిగిన డిస్కులూ సెకండ్ హ్యాండ్ బజారుకు వస్తాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే, లోపలి లెక్క చెరపని డిస్కు ఎన్ని గంటలు నడిచిందో కనిపిస్తుంది. అదే తెరపై రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు సున్నా దాటి ఉంటే ఆ డిస్కు ఎంత చవకైనా వద్దు. సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతుంటే మాత్రం తప్పు చాలాసార్లు డిస్కుది కాదు, సాటా తీగది. ముందు ఆ తీగ మార్చి చూడాలి.

ఇక ఈ డిస్కులను ఎక్కడ పెట్టాలన్నది. అన్నిటికన్నా చవకైన చోటు ఉన్న కంప్యూటర్ కేబినెట్టే. బోర్డు మీద నాలుగు సాటా పోర్టులుంటే ఒకటి సిస్టమ్ ఎస్‌ఎస్‌డీకి పోగా మూడు మిగులుతాయి. పోర్టులు చాలకపోతే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో పెట్టే సాటా కార్డు దొరుకుతుంది. ఖర్చల్లా తీగలకూ, గాలి తగిలేలా ముందు వైపు పెట్టే ఒక ఫ్యానుకూ. కరెంటు తీగ పంచే స్ప్లిటర్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. పాత నాలుగు పిన్నుల ప్లగ్గు నుంచి సాటాకు మార్చే తీగల్లో, కొన వద్ద ప్లాస్టిక్ పోతపోసి ముద్దలా ఉండే రకం లోపల షార్టయి కాలిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. పిన్నులు విడివిడిగా నొక్కి బిగించిన రకమే కొనాలి. ఎస్‌ఎంపీఎస్ కూడా ఊరూపేరూ లేనిది కాకూడదు. మూడున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల దగ్గర సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగు ఒకేసారి లేస్తే దాదాపు వంద వాట్ల కుదుపు.

ల్యాప్‌టాప్ మీద పనిచేసేవారికి కేబినెట్ ఉండదు. వారికి యూఎస్‌బీ డాక్ గానీ, రెండు నాలుగు డిస్కులు పట్టే పెట్టె గానీ కావాలి. డిస్కును టోస్టర్‌లో రొట్టెలా నిలువుగా దించే రెండు గదుల డాక్ అన్నిటికన్నా చవక. కాపీలు తీసి డిస్కు బయటికి తీసేయడానికి అది చాలు. రోజంతా అందులోనే ఉంచి ఎడిటింగ్ చేయడానికి కాదు, చేయి తగిలితే పడుతుంది. నాలుగు గదుల పెట్టె కొనేవారు ఒక్క సంగతి చూడాలి. పెట్టె తనంతట తానే డిస్కులను కలిపేసే రకమా, డిస్కులను విడివిడిగా చూపే రకమా అన్నది. మొదటి రకంలో పెట్టె బోర్డు కాలితే, డిస్కులు నిక్షేపంగా ఉన్నా వాటిని చదవడానికి మళ్లీ అదే మోడల్ పెట్టె వెతకాల్సి రావచ్చు. అప్పటికి ఆ మోడల్ బజారులో ఉంటుందన్న హామీ లేదు. విడివిడిగా చూపే పెట్టె పాడైతే డిస్కు తీసి ఏ కంప్యూటర్‌కు తగిలించినా ఫైళ్లు కనిపిస్తాయి.

నెట్‌వర్క్ మీద డేటా పంచే సైనాలజీ, క్యూనాప్ లాంటి నాస్ పెట్టెలు ఇద్దరు ముగ్గురు ఎడిటర్లు ఒకే డేటా మీద పనిచేసే చోట సుఖంగా ఉంటాయి. అయితే డిస్కుల్లేని ఖాళీ పెట్టెకే పెద్ద మొత్తం పోతుంది. పైగా కంపెనీ మాట మారుస్తుంది. 2025లో సైనాలజీ కొన్ని కొత్త మోడళ్లకు తన ముద్ర ఉన్న డిస్కులే వాడాలని షరతు పెట్టి, కొన్నవారు తిరగబడితే అదే ఏడాది అక్టోబరులో వెనక్కి తగ్గింది. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ పెట్టెల్లోకి దూరి ఫైళ్లకు తాళం వేసింది. ఒక్క మనిషి, ఒక్క కంప్యూటర్ ఉన్న ఇంటికి ఈ ఖర్చు దండగ. అదే డబ్బుకు ఇంకో రెండు డిస్కులు వస్తాయి.

నాస్ సుఖం చవకలో కావాలంటే మూల పడేసిన పాత డెస్క్‌టాప్ ఉంది. సెకండ్ హ్యాండ్ బజారులో ఇప్పటికీ విరివిగా తిరిగే హెచ్61 బోర్డు మీద నాలుగు సాటా పోర్టులుంటాయి. అవి పాత తరానివే అయినా హార్డ్ డిస్కు వేగానికి అడ్డు రావు. ఆ కంప్యూటర్‌ను నాస్‌గా మార్చే ఓపెన్‌మీడియావాల్ట్ సాఫ్ట్‌వేర్ ఉచితం. రెండు టీబీ దాటిన డిస్కును పాత ఎంబీఆర్ పద్ధతిలో కాక జీపీటీలో ఫార్మాట్ చేయాలి, లేకపోతే పై భాగం కనిపించదు. అసలు ఇబ్బంది నెట్‌వర్క్‌లో వస్తుంది. ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే పెట్టెల్లో కొన్నిటికి ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100 మెగాబిట్లు. ఆ 100 మెగాబిట్ల పోర్టులో తీగ పెడితే సెకనుకు 11 ఎంబీకి మించదు. అర టీబీ పెళ్లి పన్నెండు గంటలకు పైగా పడుతుంది. చిన్న గిగాబిట్ స్విచ్ మధ్యలో పెడితే అదే పని గంటంబావులో ముగుస్తుంది. పాత యూఎస్‌బీ 2 పోర్టులో గుచ్చిన డిస్కుకూ ఇదే గతి, నాలుగు గంటలు కూర్చోవాలి.

రైడ్ గురించి కొంచెం నిలబడి మాట్లాడుకోవాలి, ఎక్కువ డబ్బు పోయేదీ ఎక్కువ భ్రమలున్నదీ ఇక్కడే. 1988లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు, ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి బదులు చవక డిస్కులు అనేకం జోడించవచ్చని వ్యాసం రాశారు. రైడ్ అన్న పేరులో మొదట ‘ఐ’ అక్షరానికి అర్థం చవక అనే. రైడ్ 0లో రెండు డిస్కులు కలిసి ఒక్కటవుతాయి, వేగం పెరుగుతుంది, ఒకటి పోతే రెండూ పోయినట్టే. రైడ్ 1లో రెండు డిస్కుల మీదా ఒకే డేటా ఒకేసారి పడుతుంది. రైడ్ 5లో నాలుగు డిస్కులు పెడితే మూడింటి స్థలం దక్కుతుంది, ఏ ఒక్కటి పోయినా డేటా నిలుస్తుంది. అయితే పోయిన దాని స్థానంలో కొత్తది పెట్టి మళ్లీ నింపాలంటే 4 టీబీకి కనీసం ఏడెనిమిది గంటలు మిగిలిన మూడూ ఆపకుండా చదవాలి. నాలుగూ ఒకే రోజు ఒకే షాపులో కొన్నవైతే, ఒకే వయసు డిస్కుల మీద ఆ ఒత్తిడి పడుతుంది.

రైడ్ ఆదుకునేది డిస్కు చచ్చినప్పుడు మాత్రమే. అసిస్టెంట్ పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో మాయమవుతుంది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వెంట వచ్చిన వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే రెండింటికీ వేస్తుంది. పిడుగు, దొంగ, వరద పెట్టెను పెట్టెగానే తీసుకుపోతాయి. కాబట్టి రైడ్ ఉన్న స్టూడియోకు రెండో కాపీ ఉన్నట్టు కాదు. పని ఒక్క నిమిషం కూడా ఆగకూడని చోట రైడ్ పెట్టుకోవచ్చు. ఆల్బమ్ ఒకరోజు ఆలస్యమైనా కొంప మునగని ఇంట్లో ఆ రెండో డిస్కును జోడించకుండా విడిగా ఉంచి, రాత్రిపూట దానిలోకి కాపీ తీయడమే తెలివైన పని. విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ గానీ, ఉచితంగా దొరికే ఫ్రీఫైల్‌సింక్ గానీ సరిపోతాయి. రోబోకాపీలో ‘మిర్’ అనే ఆప్షన్ వాడితే అసలు డిస్కులో లేని ఫైళ్లను కాపీలోనూ చెరిపేస్తుంది. తెలియక వాడితే చేజేతులా చేసుకున్న నష్టమే.

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అన్న సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్. ఆయనా ఫోటోగ్రాఫరే. ‘వేరే చోట’ ఎందుకో ఈ ప్రాంతానికి విడమరిచి చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకు కోదాడ కాలనీలు నీట మునిగాయి, కార్లు కొట్టుకుపోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. విజయవాడ హైవే మీద బండ్లు నిలిచిపోయాయి. ఇంటి స్టూడియోలో కంప్యూటర్ కేబినెట్ ఉండేది ఎక్కువగా బల్ల కింద, నేల మీద. మోకాలి లోతు నీళ్లు చాలు. కాపీ డిస్కు అదే గదిలో అల్మారా కింది అరలో ఉంటే అదీ అంతే.

వేరే చోటంటే క్లౌడ్ అన్న సలహా వినిపిస్తుంది. గూగుల్ ఫోటోస్‌లో హద్దులేని ఉచితం 2021 జూన్ 1తో ముగిసింది. ఇప్పుడు ఖాతాకు 15 జీబీ. డబ్బు కట్టినా, అప్‌లోడ్ వేగం 30 మెగాబిట్లున్న కనెక్షన్‌లో అర టీబీ ఎక్కడానికి 37 గంటలు. క్లౌడ్‌కు పంపాల్సింది ఎంపికైన ఫోటోలు, ఆల్బమ్ డిజైన్లు, తుది వీడియో వరకే. మొత్తం డేటాకు ఆర్టీసీ బస్సే ఇంకా వేగమైన దారి. సూర్యాపేట స్టూడియో కాపీ డిస్కు కోదాడలో అత్తగారింట్లోనో, మిర్యాలగూడలో తోటి ఫోటోగ్రాఫర్ దగ్గరో ఉండవచ్చు. బదులుగా అవతలివారి డిస్కు ఇక్కడ. పరాయి ఇంట్లో ఉంచే డిస్కుకు బిట్‌లాకర్‌తో గానీ వెరాక్రిప్ట్‌తో గానీ తాళం వేయడం మర్యాద. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టకపోతే ఆ తాళం తనకే పడుతుంది.

కరెంటు, వేడి, దుమ్ము మిగిలాయి. ఇన్వర్టర్ ఉంది కదా అని యూపీఎస్ మానేసేవారు, దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడాలి. మామూలు మోడ్‌లో కరెంటు మారే సందులో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, రాస్తున్న ఫైలు చెడుతుంది. కేబినెట్ వెనక చేయి పెడితే జిల్లుమంటే ఎర్తింగ్ లేనట్టు. డిస్కులు కొనకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. డిస్కులు తట్టుకునే హద్దు సాధారణంగా 60 డిగ్రీలని కంపెనీలు రాస్తాయి. మే నెలలో బయట 44, 45 ఉన్నప్పుడు రేకుల గదిలో ఫ్యాను లేని పెట్టె ఆ హద్దును చేరడానికి ఎంతో సేపు పట్టదు. 50 దాటకుండా చూసుకోవడం మంచిది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దాపున ఉన్న ఇళ్లకు ఇంకో పని. పచ్చి వడ్లు ఉడికించే బాయిలర్లలో ఊక కాలుస్తారు. ఆ నల్లటి నుసి మేడ మీద ఆరేసిన బట్టల మీద పడినట్టే కేబినెట్ జల్లెడలోనూ పేరుకుంటుంది. నెలకోసారి జల్లెడ విప్పి బ్రష్షుతో దులపాలి.

మూఢం రోజులు ఈ పనులన్నిటికీ అనువైనవి. అప్పుడు కాపీ డిస్కులు ఒక్కొక్కటీ తగిలించి, ఏదో ఒక పెళ్లి తెరిచి, వీడియోను మధ్యలోంచి ఆడించి చూడాలి. ఫోల్డరు పేరు కనిపించినంత మాత్రాన ఫైలు ఆడుతుందని కాదు. నాలుగైదేళ్లు నడిచిన డిస్కును రోజువారీ పని నుంచి తప్పించి కాపీల వరుసలోకి పంపవచ్చు. డేటా ఎన్నాళ్లు ఉంచుతారో అడ్వాన్సు తీసుకునే నాడే రసీదు మీద రాస్తే పార్టీకీ స్టూడియోకూ మాట పడదు. ఏడాది అని రాసి, ఆలోపు పార్టీ తెచ్చుకున్న డిస్కులోకి మొత్తం ఎక్కించి సంతకం తీసుకుంటే స్టూడియో డిస్కుల మీద సగం భారం తగ్గుతుంది.

పాత డిస్కు అమ్మేటప్పుడు, మార్పిడికి ఇచ్చేటప్పుడు క్విక్ ఫార్మాట్ చాలదు. అది విషయసూచిక చింపినట్టే, పేజీలు అలాగే ఉంటాయి. క్విక్ అన్న గడిలో టిక్కు తీసేసి ఫార్మాట్ చేస్తే విండోస్ డిస్కంతా సున్నాలతో నింపుతుంది. 4 టీబీకి రాత్రంతా పడుతుంది. అసలు తిరగని డిస్కైతే అమ్మకూడదు. లోపల ఎవరింటి ఆడపిల్లల ఫోటోలో ఉంటాయి కాబట్టి, డ్రిల్లుతో పళ్లెం దాకా నాలుగు కన్నాలు వేసి పాత ఇనుముకు వేయాలి.

ఇట్లు,
కంప్యూటర్ సర్వీసు పనిలో ఉన్న ఒకరు